ముందు బరువు

మా అమ్మాయి తెలుగు మాట్లాడిన చలికాలం అది.

వినేవాళ్ళకి ఇందులో భయపడాల్సిందేమీ కనిపించదు. ఢిల్లీలో పెరిగే మన పిల్లల సంగతి తెలిసిందే. మనం తెలుగులో అడుగుతాం, వాళ్ళు హిందీలో జవాబిస్తారు, గోంగూర మాత్రం వేళ్ళు నాక్కుంటూ తింటారు. మా అనుగ్రహా అంతే. "అన్నం తిన్నావా?" అంటే "ఖా లియా మమ్మీ" అనేది. పదహారేళ్ళు కోప్పడ్డాను, బతిమాలాను, చివరికి విసుగొచ్చి వదిలేశాను. నేను వదిలేసిన చాలా రోజులకి, ఎవరూ అడగకుండా, దానికి తెలుగు వచ్చింది.

నా పేరు దయావతి. మాది బాపట్ల. ఇక్కడ ఒక పెద్ద ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుని. మా ఆయన సాలొమోను అదే ఆస్పత్రి వర్క్‌షాపులో పాడైన మిషన్లు బాగు చేస్తారు. మయూర్ విహార్‌లో ఉంటాం. అంతకు ముందు చలికాలం దాకా నలుగురం. జనవరి పొగమంచులో స్కూటీ మీద ప్రాక్టీసుకని బయల్దేరిన మా స్టీవ్, మైదానం దాకా వెళ్ళలేదు. మేం ముగ్గురం మిగిలాం.

స్టీవ్ విలుకాడు. చెల్లెలికి విల్లు పట్టడం నేర్పిందీ వాడే. వాడు పోయాక వాడి విల్లు దీనికి పనికిరాలేదు. వాడిది ఎడమచేతి వాటం, దీనిది కుడి. ఎడమచేతి వాళ్ళ విల్లు కుడిచేతి వాళ్ళు పట్టలేరు. బాణాలకి ఆ బాధ లేదు. రెక్కలు మార్చుకుంటే చాలు. అందుకని విల్లు బీరువా మీదికి ఎక్కింది, బాణాలు అనూకి వచ్చాయి.

దీపావళి పొగ ఇంకా విడవని ఒక ఆదివారం, చర్చి నుంచి తిన్నగా మైదానానికి వెళ్ళాం. యమున పక్కన, ఎటు చూసినా అడ్డం లేని నేల. కోచ్ దహియా సార్ అనూ బాణాన్ని చూపుడువేలి మీద అడ్డంగా నిలబెట్టారు. బాణం అటూ ఇటూ ఊగి ఆగింది.

"దేఖియే మేడం, ఆగే సే హల్కా హై," అన్నారు, ముందు తేలిగ్గా ఉందని. "హవా మే బహక్ జాతా హై. ఆగే థోడా వజన్ డాల్‌నా పడేగా."

కార్బన్ బాణమంటే మరేం లేదు, నల్లటి సన్నటి గొట్టం. లోపలంతా బోలు. ముందు ఉక్కు ములికి, వెనక రెక్కలు. ములికి వెనకాల, గొట్టం లోపల, ఒక చిన్న లోహపు ముక్క పెడితే ముందు బరువు పెరుగుతుంది, గాలికి చెదరదు. జనవరి చివర్లో ఢిల్లీ జూనియర్ టీమ్ సెలెక్షన్లు. నది మీది గాలి అప్పుడే మొదలవుతుంది.

"ఒక్క మాట," అన్నారు దహియా సార్. "ముందు బరువు పెరిగితే బాణం మెత్తబడినట్టు అవుతుంది. రైట్ హ్యాండర్‌కి కుడికి పోతుంది. ఘబ్రానా నహీ, సరి చేసుకుంటాం."

"వజన్ మై కర్ దూంగా, సర్," అన్నారు మా ఆయన. బాపట్ల యాసలో హిందీ ఆయనది. స్టీవ్ పోయాక ఆయన ఒక పనికి అంత ఉత్సాహంగా ముందుకు రావడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇత్తడి ముక్కలు కోసుకొస్తారనుకున్నాను.

*

బరువు పెట్టిన బాణాలు అనూ చేతికి వచ్చేసరికి పొగమంచు దిగింది. ఆ ఉదయం నేను డ్యూటీ దిగి మైదానానికి వెళ్ళాను. గురి అట్టలు కనిపించడం లేదు. గీత మీద నిలబడ్డ పిల్లలు తెల్లటి గోడలోకి బాణాలు వదులుతున్నారు. నారి మోగుతుంది. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత ఎక్కడో 'టప్' మంటుంది.

మంచు కాస్త పలచబడ్డాక అందరం అట్ట దగ్గరికి నడిచాం. అనూ బాణాలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గుత్తిగా ఉన్నాయి. కానీ అట్ట నడుమ ఉండే పసుపు చక్రంలో కాదు, బాగా ఎడమకి.

"లెఫ్ట్?" అన్నారు దహియా సార్.

విల్లు చూశారు. నారి చూశారు. రెక్కలు వేళ్ళతో తడిమారు. ఆయన వెనక నిలబడి మళ్ళీ వేయించారు. మళ్ళీ ఎడమకే. వేరే అమ్మాయి బాణాలు ఇచ్చి వేయించారు. అవి తిన్నగా వెళ్ళాయి. అనూవి మళ్ళీ ఇప్పించారు. ఎడమకి.

"అజీబ్ హై. బరువు పెడితే కుడికి పోవాలి. ఇది ఎలా ఉందంటే, జైసే కోయీ లెఫ్టీ..."

ఎవరో ఎడమచేతి వాళ్ళు వేసినట్టు అనబోయారు. స్టీవ్‌కి కూడా ఆయనే కోచ్. నా మొహం చూడకుండా బాణాలు పీకడం మొదలుపెట్టారు.

అనూ లేన్‌కి ఎడమ పక్క లేన్ ఖాళీగా ఉంది. అది స్టీవ్‌ది. ఎవరూ వద్దనలేదు, అయినా పిల్లలెవరూ అందులో నిలబడడం లేదు. బాణాలు అటే ఒరుగుతున్నాయన్న సంగతి నేను గమనించకపోయి ఉంటే బావుండేది.

దహియా సార్ ఇంకేదో సరి చేద్దామంటే అనూ ఒప్పుకోలేదు. తనే గురిని కుడికి జరుపుకుంది. అప్పటినుంచి బాణాలన్నీ పసుపులోనే. దాని జీవితంలో అంత బాగా ఎప్పుడూ వేయలేదు. మంచులో మరీ బాగా వేసేది.

"అట్ట కనిపించడం లేదు కదే, ఎలా వేస్తున్నావ్?" అన్నాను ఒకసారి.

"కనపడకపోతేనే ఈజీ. అదే వెళ్తుంది," అంది.

ఆటో ఎక్కాక తట్టింది, అది నాకు తెలుగులో జవాబిచ్చిందని.

*

మొదట్లో మురిసిపోయాననే చెప్పాలి. మా ఆయన అయితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. క్రిస్మస్ కూడికలో అది మాణిక్యాంబ ఆంటీకి "వందనాలండీ, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయి?" అనేసరికి, ఆవిడ కేకు ముక్క నోటి దగ్గరే ఆపేసింది. చర్చిలో అందరికంటే పెద్దావిడ. పిల్లల్ని తెలుగు రాదని ఆటపట్టించడం ఆవిడకి సరదా.

"అమ్మో, నీ కూతురికి తెలుగొచ్చేసిందే దయా! ఎవరు నేర్పారే?"

"ఎవరూ నేర్పలేదండీ."

ఆవిడ అనూ వైపు ఇంకాసేపు చూసింది. నవ్వు తగ్గించుకుంది. "ఆ మాట, ఆ మూతి తిప్పుడు... అచ్చం మన బాబే," అని నా చెయ్యి నొక్కింది.

నిజమే. స్టీవ్ బడి వయసు వచ్చేదాకా బాపట్లలో మా అమ్మ దగ్గర పెరిగాడు. వాడి తెలుగులో సముద్రపొడ్డు సాగతీత ఉండేది. ఇక్కడ పుట్టి ఇక్కడే పెరిగిన అనూకి ఆ సాగతీత ఎక్కడిది?

రెండు రోజుల తర్వాత, పొద్దున్నే అది బడికి బయల్దేరుతోంది. "స్వెట్టర్ వేసుకోవే, చలి," అన్నాను వంటింట్లోంచి.

"వేసుకుంటాలే సిస్టరమ్మా, నీ గోల ఒకటి!"

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆస్పత్రిలో పేషెంట్లందరూ నన్ను సిస్టర్, సిస్టర్ అనడం విని, స్టీవ్ నన్ను ఏడిపించడానికి పెట్టిన పేరు అది. వాడు తప్ప ఎవరూ అనేవారు కాదు. వాడు పోయాక మా ఇంట్లో ఆ మాట ఎవరి నోటా రాలేదు. వెనక్కి తిరిగితే అనూ ఎడమచేత్తో పరాఠా తుంచి తింటోంది. వేళ్ళు తడబడడం లేదు. పుట్టినప్పటినుంచీ అలాగే తింటున్నట్టు తింటోంది.

ఆ చెయ్యి పట్టుకుని చూశాను. నారి లాగే వేళ్ళకి కాయలు కాస్తాయి. అనూ కుడిచేత్తో లాగుతుంది, అక్కడ కాయలున్నాయి. ఎడమచేతి వేళ్ళ మీద కూడా ఉన్నాయి. బీరువా మీది విల్లు తీసి చూశాను. దుమ్ము పేరుకుని ఉంది, ఎవరూ ముట్టిన జాడ లేదు.

"అనూ, నువ్వు నువ్వేనా?"

"మరెవరు?"

"నువ్వే అయితే నాతో హిందీలో మాట్లాడు."

పకపకా నవ్వింది. "ఇన్నాళ్ళూ తెలుగు తెలుగు అని ప్రాణం తీసి, ఇప్పుడు హిందీ కావాలా నీకు?" అంటూ బ్యాగు ఎడమ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. హిందీ ముక్క ఒక్కటి మాట్లాడలేదు.

నేను శవాలని చూసి భయపడే మనిషిని కాదు. మార్చురీకి ఒంటరిగా వెళ్ళొస్తాను. కానీ ఆ పొద్దున నా ఇంట్లో, పట్టపగలు, స్టవ్ వెలుగుతుండగా, నాకు భయం వేసింది. వచ్చింది కొడుకే అయితే సంతోషించాలి కదా అని ఒక పక్క. మరి నా కూతురు ఎటు పోయిందని ఇంకో పక్క.

*

జనవరిలో స్టీవ్ జ్ఞాపకార్థ కూడిక పెట్టుకోవాలి. దానికి వాడి బాప్తిస్మం ఫోటో కోసం బీరువాలో వెతుకుతుంటే ఒక ప్లాస్టిక్ కవరు చేతికి తగిలింది. చిన్నప్పుడు వాడు సైకిల్ మీంచి పడి తొడ ఎముక విరిగితే, ఎముక బోలులో సన్నటి స్టీలు కడ్డీలు రెండు పెట్టారు. ఎముక అతుక్కున్నాక తీసేశారు. తీసిన రోజు ఆ థియేటర్లో నేనే ఉన్నాను. కడ్డీలు కడిగి, వేడినీటిలో ఉడికించి, కవరులో పెట్టి ఇంటికి తెచ్చుకున్నాను. ఇలాంటివి దాచుకోవడం నర్సులకి మామూలే.

కవరులో ఇప్పుడు కడ్డీ ఒకటే ఉంది.

మా ఆయన బాల్కనీలో ఎండకి కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. కవరు ఆయన ముందు పెట్టాను.

"ఏమండీ, రెండోది ఏది?"

తల ఎత్తలేదు. "బాణాల్లో ఉంది," అన్నారు.

"ఏ బాణాల్లో?"

"వాడి బాణాల్లోనే. ముందు బరువుకి. కొలిచి చూస్తే సరిగ్గా గొట్టంలో పట్టింది దయా. ఎముకలో ఎలా ఉండేదో అలాగే."

అరవాలనుకున్నాను.

"వర్క్‌షాపులో ఇత్తడి లేక కాదు," అన్నారాయన. బఠాణీలు చేతుల్లోంచి జారి పళ్ళెంలో పడుతున్నాయి. "వాడిని మట్టిలో పెట్టొచ్చాం. పైన సిమెంటు కూడా మనమే దగ్గరుండి పోయించాం. ఈ కాస్తయినా గాలిలో తిరగనీ అనిపించింది. అంతే."

ఆయన పక్కనే కూర్చున్నాను. కాసేపు ఇద్దరం బఠాణీలు ఒలిచాం. నాకు ఆయన మీద కోపం లేదు. ఏడుపొచ్చింది.

"వాడు తిరుగుతున్నాడు, సరే," అన్నాను చివరికి. "మరి మన అనూ ఏదండీ?"

"అదేం మాట? ఇన్ని మార్కులు ఎప్పుడు కొట్టింది అది?"

"కొట్టేది ఎవరండీ?"

ఆయన పళ్ళెంలో పడ్డ తొక్కలు ఏరడం మొదలుపెట్టారు. ఆయనకీ తెలుసునని అప్పుడే అర్థమైంది. తెలిసే ఊరుకున్నారు.

*

మర్నాడు నాకు సెలవు. అనూ ట్యూషన్‌కి వెళ్ళాక బాణాలన్నీ వంటింటి గట్టు మీద పరిచాను. మంట తగిలితే కార్బన్ పాడవుతుంది. అందుకని గ్లాసులో మరిగే నీళ్ళు పోసి ములికిల్ని ముంచాను. జిగురు మెత్తబడ్డాక పట్టకారుతో లాగితే ములికి ఊడివస్తుంది. గొట్టాన్ని తట్టితే వెనకున్న ముక్క జారి స్టీలు పళ్ళెంలో పడుతుంది. టింగ్. ఒక్కొక్కటీ పడుతుంటే వాడి తొడలోంచి మళ్ళీ తీస్తున్నట్టే అనిపించింది. వేడి నీళ్ళలోంచి వచ్చినవి కదా, వెచ్చగా ఉండాలి. మంచుముక్కల్లా చల్లగా ఉన్నాయి.

థియేటర్లో మాకొక పద్ధతి ఉంది. కుట్లు వేసే ముందు, లోపలికి వెళ్ళినవన్నీ బయటికి వచ్చాయా లేదా అని చూసుకోవాలి. చూసుకోకుండా మూయకూడదు. ముక్కల్ని కొసకి కొస చేర్చి, మిగిలిన కడ్డీ పక్కన పెట్టాను. వేలెడంత తక్కువ వచ్చింది. కోసేటప్పుడు రంపానికి అంత పోదు.

బాణాల్ని ఒక్కొక్కటీ వేలి మీద నిలబెట్టి చూశాను, దహియా సార్ చూపించినట్టే. ఒకటి ముందుకి వాలింది. దాని ములికిని ఎంత వేడి నీళ్ళలో ఉంచినా కదల్లేదు. జిగురు అయిపోతే దానికి మాత్రం వేడికి కరగని గట్టిది పూశానని మా ఆయన తర్వాత చెప్పారు. పట్టకారు జారి నా చెయ్యి కాలింది.

"అది రాదులే."

గుమ్మంలో అనూ. తలుపు తీసిన చప్పుడు నాకు వినపడలేదు. ఎడమచేతిలో సగం కొరికిన జామకాయ.

"ఏది రాదు?" అన్నాను.

"ఆ ఒక్కటి. ఉండనీ సిస్టరమ్మా. ఏమవుతుంది?"

గట్టు మీద ఏముందో, ఎందుకు తీస్తున్నానో అది అడగలేదు. కడ్డీ సంగతి దానికి మేం చెప్పలేదు. జామకాయ నములుతూ తన గదిలోకి వెళ్ళిపోయింది. నేను ఆ బాణానికి ఆస్పత్రి ప్లాస్టర్ తెల్లటిది చుట్టి, ఇది వాడొద్దని చెప్పి, అమ్ములపొదిలో చివరన పెట్టాను. పారేయలేకపోయాను. ఎలా పారేస్తాను?

కొత్తగా బరువు పెట్టి సరి చేసుకునేంత టైం లేదని దహియా సార్ అన్నారు. పాత బాణాలు పాతలాగే, తేలిగ్గానే వెళ్ళాయి. ఎడమకి పోలేదు. మార్కులు మాత్రం పడిపోయాయి. అనూ తెలుగు తగ్గలేదు, ఎడమచెయ్యీ తగ్గలేదు. ఒక్కటి ఉండిపోయింది కదా అని నేను లోపల్లోపల చస్తూనే ఉన్నాను.

*

సెలెక్షన్ల రోజు మంచు బాగా పొద్దెక్కేదాకా ఉంది. సగం లేచి, మోకాళ్ళ ఎత్తున నేల మీద పరుచుకుంది. అట్టలు గాలిలో తేలుతున్నట్టు కనిపించాయి. తల్లిదండ్రుల్ని తాడు వెనకాల నిలబెట్టారు. దహియా సార్ స్టాండు మీద నిలబెట్టిన చిన్న టెలిస్కోపులోంచి చూసి మాకు చెబుతున్నారు.

అనూ తిప్పలు పడింది. ఒక రౌండు బాగా, ఒక రౌండు అంతంత మాత్రం. చివరికి వచ్చేసరికి, ఒక్క బాణం పసుపులో పడితే టీమ్‌లో ఉంటుంది, లేకపోతే లేదు. బాణం తీసుకుని నారికి తగిలించబోయింది. వెనక ఉండే ప్లాస్టిక్ గాడి చిట్లి ఉంది. అంతకు ముందు రౌండులో ఇంకో బాణం వచ్చి తగిలినట్టుంది. దాన్ని పక్కన పెట్టి పొదిలో వెతికింది. మిగిలింది ప్లాస్టర్ చుట్టినది ఒక్కటే.

వెనక్కి తిరిగి నా వైపు చూసింది.

మాట్లాడకూడదు. మాట్లాడొచ్చన్నా ఏం చెప్పాలో నాకు తెలియదు. పక్కనుంచి మా ఆయన గొణగడం మాత్రం వినిపిస్తోంది. "కుడికి పెట్టమ్మా గురి. అది ఎడమకి పోతుంది. కుడికి పెట్టు. వాడు చూసుకుంటాడు."

అనూ ప్లాస్టర్ ఊడదీసింది. టైం అయిపోతోంది. ప్రభువా, నా కూతుర్ని నాకు ఇయ్యి అని ప్రార్థన మొదలుపెట్టాను. అంటే వాణ్ణి పంపేయమనడమేనని తట్టింది. ప్రార్థన మధ్యలో వదిలేసి కళ్ళు తెరిచి నిలబడ్డాను.

అది విల్లు ఎత్తింది. నారి లాగింది. దాని భుజం నాకు తెలుసు, అది ఎటు గురి పెడుతుందో వెనకనుంచే చెప్పగలను. కుడికి జరుపుకోలేదు. తిన్నగా పెట్టింది.

నారి మోగింది. బాణం మంచు మీదుగా వెళ్ళింది. తర్వాత 'టప్'.

దహియా సార్ టెలిస్కోపులోంచి కన్ను తీయలేదు. "రైట్," అన్నారు. "రైట్, నీచే. బ్లూ మే."

"లెఫ్ట్ కదా సార్?" అన్నారు మా ఆయన. "ఒకసారి సరిగ్గా చూడండి, లెఫ్ట్ అయి ఉంటుంది."

"రైట్ హై, సాలొమన్ జీ. భారీ థా నా? ఇత్‌నా భారీ తీర్ రైట్ హీ జాయేగా. సబ్‌కా జాతా హై."

అంత బరువు బాణం అందరిదీ అలాగే పోతుంది. కుడిచేతి పిల్ల ఎవరు వేసినా అలాగే పోతుంది.

మా ఆయన తాడు పట్టుకుని, అలాగే మెల్లగా తడిగడ్డి మీద కూర్చుండిపోయారు. సమాధి దగ్గర అందరికీ ధైర్యం చెప్పిన మనిషి, పిల్లల ముందు, మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఏడ్చారు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేశాను. ఎడమ పక్క లేన్‌లో ఎవరో అబ్బాయి నిలబడి తన విల్లు విప్పుకుంటున్నాడు. అది మామూలు లేన్. ఇంకేం లేదక్కడ.

అనూ అట్ట దగ్గరనుంచి మంచులో కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. టీమ్‌లో పేరు ఉండదని దానికి తెలుసు. ఆ బాణాన్ని తీసుకొచ్చి వాళ్ళ నాన్న చేతిలో పెట్టింది.

"పాపా, యే ఆప్ రఖో," అంది. తర్వాత నా కొంగుకి మొహం తుడుచుకుని, "సారీ మమ్మీ. సీధా మారా థా మైనే, పతా నహీ క్యా హువా," అంది. ముక్కు ఎగబీల్చింది. "భూఖ్ లగీ హై."

నా చెయ్యి పట్టుకుంది, కుడిచేత్తో. సిస్టరమ్మా అంటుందేమోనని ఒక్క క్షణం ఆగాను. ఎవరూ అనలేదు.

"ఆలూ పరాఠా ఖాయేగీ, యా గోభీ?" అని అడిగాను. నా కూతురితో నేను హిందీలో మాట్లాడడం అదే మొదటిసారి.